ఎనర్జీ టానిక్, బైపాస్ ఫ్యాట్, బెల్లం అన్నీ ఇస్తున్నా ఈనిన ఆవు దాణా వదిలేస్తోంది, ఎందుకు?

హోసకోటె_పాడి

అందరికీ నమస్కారం. హోసకోటె పక్కన మా పాడిలో ఒక హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు ఈని 12 రోజులైంది. మూడో ఈత, బరువు సుమారు 450 కిలోలు. చూడితో ఉన్నప్పుడు బాగా కండ పట్టింది, తోక మొదట్లో కొవ్వు ముద్ద చేతికి తగిలేది. ఇప్పుడు రెండు పూటలూ కలిపి 16 లీటర్ల పాలు.

ఈనిన నాలుగో రోజు నుంచి దాణా ముట్టడం తగ్గించింది. రాగిగడ్డి మాత్రం ఇష్టంగా నములుతోంది. రోజుకు వేస్తున్నది: పచ్చి నేపియర్ 25 కిలోలు, రాగిగడ్డి 3, దాణా 4, బీరు పిప్పి 8. తింటున్నది: నేపియర్ 18, రాగిగడ్డి మొత్తం, పిప్పి 4, దాణా ఒక్క కిలో.

ఇవి కాక బలానికని ఈనిన రోజు నుంచే ఎనర్జీ టానిక్ పూటకు 100 మి.లీ. చొప్పున రెండు పూటలా పడుతున్నాం. బైపాస్ ఫ్యాట్, అంటే ఆవు నాలుగు పొట్టల్లో మొదటిదైన పెద్ద పొట్టలో కరగకుండా పేగుకు చేరేలా చేసిన కొవ్వు, 200 గ్రాములు దాణాలో కలుపుతున్నాం. బెల్లం అర కిలో, గోధుమపిండి కిలోన్నర జావ కాచి తాపుతున్నాం. ఇంత శక్తి లోపలికి పోతున్నా ఆకలి పెరగడం లేదు సరికదా, రోజురోజుకీ తగ్గుతోంది. టానిక్ మోతాదు పెంచాలా? ఇంకో రెండు ఆవులు నిండు చూడితో ఉన్నాయి, వాటికీ ఇలాగే అవుతుందేమోనని భయంగా ఉంది.

పశుపోషణ_హెబ్బాళ

మోతాదు పెంచకండి. మీరు తూకం వేసి రాశారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం.

పచ్చి నేపియర్‌లో పొడి పదార్థం సుమారు 20 శాతం, బీరు పిప్పిలో 22, గడ్డిలోనూ దాణాలోనూ 90 అనుకుందాం. మీరు వేస్తున్న మేత మొత్తం తింటే దాదాపు 13 కిలోల పొడి పదార్థం, అంటే సుమారు 18 మెగా కేలరీల శక్తి. 450 కిలోల ఆవు ఒంటి పోషణకు 8, 16 లీటర్ల పాలకు 11 పైచిలుకు, మొత్తం 19 మెగా కేలరీలు కావాలి. అంటే మీ మేత దాదాపు సరిపోయేదే. ఇప్పుడు ఆవు తింటున్నది 8 కిలోల పొడి పదార్థం, సుమారు 10 మెగా కేలరీలు. జావ, బెల్లం కలిపితే ఇంకో మూడున్నర. లోటు ఐదారు మెగా కేలరీలు ఉంది. అది ఒంటి కొవ్వులోంచి వస్తోంది, రోజుకు సుమారు కిలో బరువు కరుగుతుంది.

ఇప్పుడు మీరిచ్చే మందుల బలం ఎంతో చూడండి. ఎనర్జీ టానిక్‌లలో అసలు మందు ప్రొపిలిన్ గ్లైకాల్. అది నిఖార్సైనది 300 మి.లీ. ఇస్తే వచ్చే శక్తి దాదాపు ఒక కిలో దాణాతో సమానం. బైపాస్ ఫ్యాట్ 200 గ్రాములు మొత్తం తిన్నా అర కిలో దాణాకు కాస్త ఎక్కువ. పైగా మీరు దాన్ని దాణాలో కలిపారు, దాణా పావు వంతే తింటోంది, కాబట్టి ఫ్యాట్ కూడా 50 గ్రాములే లోపలికి పోతోంది. ఏ శక్తి మందైనా ఇచ్చాక తొట్టిలో అదనంగా ఒక కిలో దాణా మిగిలిపోతే, ఆ మందు ఇచ్చినా ఇవ్వనట్టే. మందు పనిచేస్తోందా లేదా అన్నది సీసా మీద చూడకండి, తొట్టిలో మిగిలింది తూచి చూడండి.

ఇక ఆకలి ఎందుకు తగ్గుతోందన్నది. పొట్ట నిండితే తినడం ఆపడం ఒక కారణం మాత్రమే. కాలేయంలో ఇంధనం ఎంత కాలుతోందన్నది ఇంకో పెద్ద కారణం. కాలేయ కణాల్లో శక్తి నిల్వ, అంటే ఏటీపీ, పెరిగితే వేగస్ నరం గుండా మెదడుకు ‘చాలు’ అన్న కబురు పోతుంది. తగ్గితే ‘తిను’ అన్న కబురు. ఇది ముందు ఎలుకల్లో తేలింది. కొవ్వు ఆమ్లాలు కాలకుండా అడ్డుకునే మెర్‌కాప్టోఎసిటేట్ ఇస్తే ఎలుకలు ఎక్కువ తిన్నాయి. కాలేయంలో ఏటీపీని తగ్గించే 2,5-అన్‌హైడ్రోమానిటాల్ ఇచ్చినా అంతే. గొర్రెల్లో, మేత పులిసినప్పుడు పుట్టే ప్రొపియోనేట్ అనే ఆమ్లాన్ని కాలేయానికి పోయే రక్తనాళంలోకి ఎక్కిస్తే మేత తగ్గింది, కాలేయపు నరాలు కోసేశాక ఆ ప్రభావం కనబడలేదు. వీటన్నిటినీ కలిపి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2009లో పాడి పశువులకు వర్తించేలా ఒక సిద్ధాంతంగా రాశారు. దీని మీద వాదాలు ఉన్నాయి, ఇన్సులిన్, పేగు హార్మోన్లు, ఈనాక వచ్చే వాపు కూడా ఆకలిని శాసిస్తాయి. అయినా మీ ఆవు విషయంలో ఇది బాగా అతుకుతుంది.

ఎలాగంటే, ఈనిన ఆవు కాలేయంలోకి ఒంటి కొవ్వు వరదలా వస్తోంది. అది విరిగి ఎసిటైల్ కోఏ అనే ఇంధనం గుట్టలుగా పేరుకుంటుంది. అది కాలాలంటే ఆక్సలోఎసిటేట్ అనే ఇంకో పదార్థం కావాలి. పిండిపదార్థం పెద్ద పొట్టలో పులిసినప్పుడు పుట్టే ప్రొపియోనేట్ సరిగ్గా దాన్నే తయారుచేస్తుంది. కాబట్టి ఒక్కసారిగా ప్రొపియోనేట్ వచ్చి పడితే అప్పటికే పేరుకున్నది గబగబా కాలుతుంది, ఏటీపీ పెరుగుతుంది, ఆవు నాలుగు బుక్కలు తిని తల పక్కకు తిప్పుకుంటుంది. పాలు పట్టుగా ఉన్న మూడో నెలలో ఇదే ప్రొపియోనేట్ నేరుగా గ్లూకోజ్‌గా మారి పొదుగుకు పోతుంది, ఆకలి అంతగా తగ్గదు. ఒకే దాణా ఒక నెలలో ఆకలి పెంచి ఇంకో నెలలో చంపడానికి కారణం ఇదే.

ఆ లెక్కన నాకు మొదటి అనుమానం మీ జావ మీద. గోధుమపిండి అసలే పెద్ద పొట్టలో వేగంగా పులిసే ధాన్యం. దాన్ని మెత్తగా ఆడించి, పైగా ఉడికించి తాపితే పులియడం ఇంకా వేగం. ప్రొపియోనేట్ ఒక్క పెట్టున లేస్తుంది, పొట్టలో పీహెచ్ పడిపోయి ఆమ్లం పెరుగుతుంది, పీచు అరగదు. కిలోన్నర పిండి కడుపులో పడ్డాక ఆవు మిగతా దాణాను ఎందుకు ముడుతుంది?

బెల్లం సంగతి కూడా చెప్పాలి. మనిషికి బెల్లం తింటే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆవుకు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు బెల్లాన్ని ముందే తినేస్తాయి, గ్లూకోజ్‌గా రక్తంలోకి చేరేది దాదాపు ఏమీ ఉండదు. పైగా చక్కెరలు పులిసినప్పుడు బ్యూటిరేట్ అనే ఆమ్లం ఎక్కువ పుడుతుంది. పొట్ట గోడే ఆ బ్యూటిరేట్‌ను కీటోన్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. కీటోసిస్, అంటే ఒంటి కొవ్వు మరీ కరిగి రక్తంలో కీటోన్లు పెరిగే జబ్బు, ఉందేమోనన్న ఆవుకు రోజుకు అర కిలో బెల్లం పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. రుచికి 50 గ్రాములు దాణా మీద చల్లితే అది వేరు.

బైపాస్ ఫ్యాట్ గురించి విడిగా రాస్తాను. ముందు డాక్టరు గారెవరైనా జబ్బు సంగతి చూడాలి.

పశువైద్యం_యలహంక

హెబ్బాళ మేడం రాసింది సరే, కానీ దాణా మార్చేముందు ఆవును చూడాలి. దాణా వదిలి గడ్డి తినడం కీటోసిస్‌కు మామూలు గుర్తు. నాలుగో పొట్ట ఎడమ వైపుకు జరిగినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఈనాక మొదటి నాలుగు వారాల్లో రెండూ రావచ్చు, కలిసీ రావచ్చు. జరిగిన పొట్టకు ఎన్ని టానిక్‌లు పట్టినా లాభం లేదు.

మీరే చూడగలిగినవి చూడండి. జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటితే, మానం నుంచి కంపుకొట్టే స్రావం ఉంటే గర్భాశయం వాపు అనుకోవాలి. చెవులు చల్లగా ఉండి, నడకలో తూలుతుంటే కాల్షియం తగ్గింది. ఎడమ డొక్కలో పిడికిలి గట్టిగా నొక్కిపెట్టి రెండు నిమిషాలు ఉంచండి, పెద్ద పొట్ట రెండు మూడు సార్లు పొంగి చేతిని తోయాలి. ఒక్కసారే వస్తే పొట్ట మందగించింది. నాలుగో పొట్ట జరిగిందా అన్నది స్టెతస్కోపు పెట్టి ఎడమ పక్కటెముకల మీద చిటికె కొట్టి వినాలి, లోహం మీద కొట్టినట్టు ఖంగుమంటుంది. అది డాక్టరు చేత చేయించండి.

తర్వాత కీటోన్లు. మనుషులకు వాడే కీటోన్ మీటర్లలో రక్తంలో బీహెచ్‌బీ అనే కీటోన్‌ను కొలిచేవి ఆవుకూ బాగానే పనిచేస్తాయి. మామూలు షుగర్ పట్టీ కాదు, కీటోన్ పట్టీ అడగండి. రక్తం తోక నరం నుంచి ఒక్క చుక్క చాలు. పొదుగు ముందుండే పాల నరం నుంచి తీయవద్దు, పొదుగు కీటోన్లను వాడుకుంటుంది కాబట్టి అక్కడ తక్కువ చూపిస్తుంది. ఉదయం దాణా వేసిన నాలుగైదు గంటలకు, ప్రతిసారీ అదే సమయానికి కొలవండి. లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే లోపల కీటోసిస్ మొదలైనట్టే. 3 దాటితే మామూలుగా పైకి కూడా కనబడుతుంది.

మీటర్ దొరక్కపోతే ఆసుపత్రిలో రొథెరా పరీక్ష చేస్తారు. మూత్రంలో అమోనియం సల్ఫేట్ ఇక కరగనంత వరకూ వేసి, అప్పుడే కలిపిన సోడియం నైట్రోప్రసైడ్ రెండు మూడు చుక్కలు వేసి, పైన గాఢ అమోనియా మెల్లగా పోస్తే వంకాయ రంగు ఉంగరం కడుతుంది. ఇది అసిటోఎసిటేట్ అనే ఇంకో కీటోన్‌ను పట్టిస్తుంది, బీహెచ్‌బీని కాదు. నైట్రోప్రసైడ్ ద్రావణం పాతదైతే జబ్బున్నా రంగు రాదు, ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఊపిరి తియ్యగా వాసన వస్తోందా అని చూసి తేల్చేయకండి, ఆ వాసన కొందరి ముక్కుకు అసలు అందదు.

మీరు వాడే టానిక్ సీసా మీద 100 మి.లీ.కి ఏమేమి ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. అది ఇక్కడ పెట్టండి. చాలా టానిక్‌లలో ప్రొపిలిన్ గ్లైకాల్ వాటా అతి తక్కువ.

మందు పట్టే పద్ధతి గురించి ఒక మాట. తల మరీ పైకెత్తకండి, ముక్కు, కన్ను ఒకే మట్టంలో ఉంటే చాలు. నాలుక బయటకు లాగి పట్టుకోకండి. గొట్టం పెదవి మూల నుంచి పెట్టి, కొంచెం పోసి, మింగాక మళ్లీ పోయండి. పొలమారి దగ్గితే వెంటనే తల వదిలేయండి. నూనెలాంటి మందు ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే నిమోనియా కీటోసిస్ కన్నా ప్రమాదం.

దాణా_తయారీ_నెలమంగల

మేడం, బైపాస్ ఫ్యాట్ మీద నింద పడుతుందేమోనని ముందే రాస్తున్నాను. ఈనడానికి పది రోజుల ముందు మొదలుపెట్టి మూడు నెలలు 100–150 గ్రాములు ఇవ్వమని చాలాచోట్ల చెబుతారు, పాలు, వెన్న పెరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. రాగిగడ్డి, తవుడు మీద బతికే ఆవుల మేతలో కొవ్వు రెండు మూడు శాతమే. వాటికి ఫ్యాట్ ఇవ్వక ఇంకేం ఇస్తాం? పెద్ద పొట్టలో పులియదు కాబట్టి యాసిడ్ భయమూ లేదు.

పశుపోషణ_హెబ్బాళ

నెలమంగల అన్నా, ఆ మాటలో నిజం ఉంది, చిక్కిన ఆవుకు నేనూ ఇమ్మనే అంటాను. ఇక్కడ ఆవు చిక్కినది కాదు, తోక మొదట్లో కొవ్వు ముద్ద ఉన్నది. దాని కాలేయం ఇప్పటికే సొంత కొవ్వుతో నిండి ఉంది. ఇంకో 200 గ్రాములు బయటి నుంచి పోస్తే సాయం కాదు.

బైపాస్ ఫ్యాట్‌గా అమ్మే, పామాయిల్ నుంచి చేసిన కాల్షియం సబ్బుల్లో ఓలియిక్ ఆమ్లం బాగా ఉంటుంది. అది చిన్న పేగుకు చేరగానే సీసీకే అనే హార్మోన్ పెరుగుతుంది, పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, ఆవు తినడం ఆపుతుంది. పాల్మిటిక్ ఎక్కువున్న గట్టి కొవ్వులు ఈ విషయంలో అంత చేటు చేయవు. రెండోది, పొట్టలో పీహెచ్ 6 కన్నా పడిపోతే ఈ సబ్బు విడిపోతుంది. అప్పుడది బైపాస్ కాదు, మామూలు నూనే. పీచు అరిగించే సూక్ష్మజీవుల మీద పడుతుంది. గోధుమ జావ, బైపాస్ ఫ్యాట్ ఒకే పూట ఇస్తే జరిగేది ఇదే. మూడోది వాసన. సబ్బు వాసన ఆవుకు నచ్చదు, అలవాటు చేయాలి.

అందుకే నా పద్ధతి ఇది. మేత మళ్లీ నిలకడగా పెరుగుతోందని తొట్టి చెప్పాక, మామూలుగా ఈనిన మూడు నాలుగు వారాలకు, 25 గ్రాములతో మొదలుపెట్టి పది రోజుల్లో 100–150కి తీసుకెళ్లాలి. మొత్తం మేతలో కొవ్వు పొడి పదార్థం లెక్కన 6 శాతం దాటకూడదు. బీరు పిప్పిలోనూ, పత్తి గింజల్లోనూ కొవ్వు ఉంటుంది, అవీ లెక్కలోకి రావాలి. 150 గ్రాములు ఇచ్చినందుకు దాణా 400 గ్రాములు తగ్గితే మనం చేతి డబ్బు పెట్టి ఆవును పస్తు పెట్టినట్టే.

గొర్రెలమంద_ఆనేకల్

ఇదంతా ఆవుల సంగతి. గొర్రెల్లో పిల్లలు మేతకు ముఖం తిప్పుకుని, కళ్ల నీళ్లు కారుతూ చిక్కిపోతుంటే కోబాల్ట్ టానిక్ ఇమ్మన్నారు. ఒక ఖనిజానికీ ఆకలికీ ఏం సంబంధం?

పశుపోషణ_హెబ్బాళ

నేరుగా సంబంధం ఉంది, పైన రాసిన ప్రొపియోనేట్ దారిలోనే. ప్రొపియోనేట్ గ్లూకోజ్‌గా మారే దారిలో ఒక మెట్టు దగ్గర విటమిన్ బి12 తప్పనిసరి. నెమరేసే పశువులకు బి12ను పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి, వాటికి కోబాల్ట్ కావాలి. కోబాల్ట్ లేకపోతే బి12 లేదు, ప్రొపియోనేట్ రక్తంలో ఆలస్యంగా ఖర్చవుతుంది, ఆకలి చస్తుంది. గొర్రెల్లో, అందులోనూ పెరిగే పిల్లల్లో, ఇది ఆవుల కన్నా ముందు కనబడుతుంది. మేతలో కిలో పొడి పదార్థానికి 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల కోబాల్ట్ చాలు.

కోబాల్ట్ నోటి ద్వారానే ఇవ్వాలి, సూది ద్వారా ఇస్తే సూక్ష్మజీవులకు చేరదు. సూది వేయాలంటే బి12 వేయాలి. లోపమే కారణమైతే ఆకలి వారంలోపే మళ్లుతుంది, మళ్లకపోతే పురుగుల మందు సంగతి చూడండి, అదే గుర్తులు జీర్ణాశయపు పురుగుల వల్లా వస్తాయి. ఆవుల కోసం చేసిన మినరల్ మిక్చర్ గొర్రెలకు పెట్టకండి, అందులో రాగి ఎక్కువ. గొర్రె కాలేయంలో రాగి పేరుకుని ఒక రోజు హఠాత్తుగా చస్తుంది.

ఇందిరానగర్_పిల్లులు

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా పిల్లి రెండు రోజుల నుంచి సరిగా తినడం లేదు, కాస్త లావుపాటిది. పక్కవాళ్ల దగ్గర ఆవుల ఎనర్జీ టానిక్ ఉంది, రెండు చుక్కలు పాలలో ఇవ్వవచ్చా?

పశువైద్యం_యలహంక

వద్దమ్మా, చుక్క కూడా ఇవ్వకండి. ప్రొపిలిన్ గ్లైకాల్ పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, వాటిలో హైన్జ్ బాడీలు అనే ముద్దలు ఏర్పడి కణాల ఆయుష్షు తగ్గుతుంది. అమెరికాలో 1996లోనే పిల్లుల ఆహారంలో దీన్ని నిషేధించారు. కుక్కకు అంత ప్రమాదం లేదు, పిల్లి వేరు.

లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే దానికీ ఒంటి కొవ్వు కాలేయంలో చేరి పచ్చకామెర్లు పుట్టుకొస్తాయి. దానికి మందు ఆహారమే, అవసరమైతే గొట్టం పెట్టి తినిపించాలి. ఈరోజే డాక్టరుకు చూపించండి. పేగు జబ్బు పాతదైతే బి12 తగ్గి ఆకలి పోతుంది. అలాంటప్పుడు చర్మం కింద 250 మైక్రోగ్రాములు వారానికొకటి చొప్పున ఆరు వారాలు వేస్తారు, అది పరీక్ష చేసి డాక్టరు నిర్ణయించేది. పచ్చి చేపలు ఎక్కువ పెడుతుంటే ఆపండి. కొన్ని చేపల్లో ఉండే థయామినేజ్ బి1ను నాశనం చేస్తుంది, బి1 లోపంలో మొదట పోయేది ఆకలే, మెడ వంగడం, ఫిట్స్ ఆ తర్వాత.

హోసకోటె_పాడి

డాక్టరు గారు వచ్చి చూశారు. జ్వరం లేదు, 101.8. పొట్ట జరగలేదన్నారు. పెద్ద పొట్ట రెండు నిమిషాలకు ఒకసారే కదిలింది. కీటోన్ మీటర్‌లో 2.1 వచ్చింది. టానిక్ సీసా మీద 100 మి.లీ.కి ప్రొపిలిన్ గ్లైకాల్ 20 గ్రాములు, కాల్షియం ప్రొపియోనేట్ 10 గ్రాములు, ఇంకా నియాసిన్, కోలిన్ క్లోరైడ్, కోబాల్ట్ అని ఉంది. జావ, బెల్లం, ఫ్యాట్ నిన్నటి నుంచి ఆపేశాను.

పశువైద్యం_యలహంక

అనుకున్నదే. రోజుకు 200 మి.లీ. పడితే మీ ఆవుకు చేరుతున్న ప్రొపిలిన్ గ్లైకాల్ 40 గ్రాములు. కీటోసిస్‌కు కావాల్సింది రోజుకు 300 మి.లీ., అంటే 310 గ్రాములు. ఆ టానిక్‌తో అంత అందాలంటే లీటరున్నర పట్టాలి. అలా పట్టకండి, మిగతావన్నీ కూడా ఏడెనిమిది రెట్లు అవుతాయి.

విడిగా ప్రొపిలిన్ గ్లైకాల్ కొనండి, మందుల నాణ్యత ఉన్నది, ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) అని రాసి ఉండాలి. పరిశ్రమలకు అమ్మే డబ్బాలు వద్దు. వాహనాల కూలెంట్‌లో ఉండేది ఇథిలిన్ గ్లైకాల్, అది మూత్రపిండాలను చంపే విషం, పేరు దగ్గరగా ఉందని ఎవరూ పొరబడకూడదు. 300 మి.లీ. రోజుకొకసారి, ఉదయం, గొట్టంతో పట్టాలి, ఐదు రోజులు. దాణాలో కలపకండి. రుచి బాగోదు కాబట్టి దాణా ఇంకా వదిలేస్తుంది, పైగా మెల్లమెల్లగా పోతే ఇన్సులిన్ లేవదు. ఒక్క పట్టున పడితేనే ఇన్సులిన్ లేచి ఒంటి కొవ్వు కరగడం తగ్గుతుంది, మనకు కావాల్సింది అదే. ఎక్కువ మంచిదని అర లీటరు దాటించకండి. మత్తుగా తూలుతుంది, చొంగ కారుస్తుంది, ఊపిరి గంధకం వాసన వేస్తుంది.

మూడో రోజు, ఆరో రోజు మీటర్ పెట్టండి. 1.2 కిందికి వస్తే ఆపేయవచ్చు. మూడో రోజుకీ పెరుగుతుంటే డెక్స్‌ట్రోజ్ సూది, ఇతర మందుల సంగతి మీ డాక్టరు చూస్తారు. 50 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరులో 250 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, కానీ రెండు మూడు గంటల్లో అయిపోతుంది, కాబట్టి ఒక్క సీసాతో ఆవు కోలుకుందనుకోకండి. బి12 సూది వేస్తే ప్రొపియోనేట్ వాడకానికి తోడు, నష్టం లేదు. లివర్ ఎక్స్‌ట్రాక్ట్ సూదుల మీద నాకంత నమ్మకం లేదు.

పశుపోషణ_హెబ్బాళ

మేత విషయం. జావ ఆపడం మంచిదైంది. దాణా ఒకేసారి రెండు కిలోలు వేయకండి. పూటకు అర కిలో, రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ ముందు గడ్డి నమిలాకే. చిన్న చిన్న పూటలైతే ప్రొపియోనేట్ ఒక్కసారి లేవదు. తింటే రెండు రోజులకొకసారి అర కిలో పెంచండి. దాణాలో గోధుమ, బియ్యపు నూక ఉంటే తగ్గించి రవ్వగా ఆడించిన మొక్కజొన్న పెట్టండి, అది నెమ్మదిగా పులుస్తుంది, కొంత పిండిపదార్థం చిన్న పేగు దాకా పోయి అక్కడ గ్లూకోజ్ అవుతుంది. బీరు పిప్పి తాజాగా ఉంటేనే. రెండో రోజుకు పుల్లటి ఘాటు వాసన వస్తే వేయకండి. సైలేజ్ (పులియబెట్టి నిల్వచేసిన పచ్చిమేత) వాడేవాళ్లకూ ఇదే మాట, బ్యూటిరిక్ వాసన, అంటే మురిగిన వెన్న వాసన వచ్చే సైలేజ్ తనంతట తానే కీటోసిస్ తెస్తుంది.

మీ టానిక్‌లోని నియాసిన్, కోలిన్ గురించి కూడా తెలుసుకోండి. మామూలు కోలిన్ క్లోరైడ్ పెద్ద పొట్టలోనే దాదాపు అంతా నాశనమవుతుంది, నియాసిన్‌లోనూ ఎక్కువ భాగం అంతే. పూత పూసిన కోలిన్ అయితే పేగుకు చేరి, కాలేయంలోని కొవ్వును బయటకు మోసుకెళ్లే రేణువుల తయారీకి పనికొస్తుంది. దాని ఖరీదు ఎక్కువ, కానీ ఆకలి పెంచుతుందని నేను ధైర్యంగా చెప్పగలిగిన కొద్ది మందుల్లో అదొకటి.

హోసకోటె_పాడి

చాలా ఉపయోగం మేడం. చూడితో ఉన్న రెండింటికి ఇప్పటి నుంచే ఏం చేయాలి? అందులో ఒకటి లావుగా ఉంది, మేత తగ్గించి సన్నబరచాలా?

పశుపోషణ_హెబ్బాళ

ఇప్పుడు సన్నబరచవద్దు. నిండు చూడిలో మేత తగ్గిస్తే ఒంటి కొవ్వు ఇప్పుడే కరగడం మొదలై, ఈనేసరికి కాలేయం నిండిపోతుంది. ఈనే ముందు, ఒంటి కండ చూసి ఐదుకు వేసే మార్కుల కొలతలో, 3.25 నుంచి 3.5 మధ్య ఉండాలి, అది పాలిచ్చే చివరి నెలల్లోనే సరిచేసుకోవాల్సిన పని. లావుదానికి ఇప్పుడున్న ఒళ్లు అలాగే ఉంచండి. ఎక్కువగా గడ్డి, తక్కువ ధాన్యం.

చివరి మూడు వారాల్లో ఆకలి ఎలాగూ దాదాపు 30 శాతం దాకా తగ్గుతుంది. అందుకని ఆ మూడు వారాలు రోజుకు కిలో నుంచి రెండు కిలోల దాకా మెల్లగా దాణా అలవాటు చేయాలి, ఈనాక పెట్టబోయే దాణానే. పూత పూసిన కోలిన్, అసలు కోలిన్ లెక్కన రోజుకు సుమారు 13 గ్రాములు, ఈనే ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు. లావుదానికైతే తప్పనిసరిగా. క్రోమియం ప్రొపియోనేట్ కూడా ఉంది, కిలో మేతకు 0.5 మిల్లీగ్రాముల క్రోమియం. ఇది శక్తి ఇవ్వదు, ఇన్సులిన్ మాట కణాలు బాగా వినేలా చేస్తుంది, కొవ్వు కరగడం తగ్గి కొన్ని ఆవుల్లో మేత పెరుగుతుంది. రెండూ కొనలేకపోతే కోలిన్ కొనండి. ఈనే ముందు బైపాస్ ఫ్యాట్ ఈ రెండింటికీ వద్దు.

రాగిగడ్డిని మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టించండి. ఇంకా పొడుగుంటే దాణా ఏరుకుని తిని గడ్డి వదిలేస్తాయి, పొడి చేస్తే నెమరు తగ్గుతుంది. తొట్టి ఊడ్చే ముందు మిగిలింది తూచి గోడ మీద సుద్దతో రాస్తూ ఉండండి. వేసినదాంట్లో ఇరవయ్యో వంతు మిగలాలి. అసలు ఏమీ మిగలకపోతే ఆవుకు చాలడం లేదు. పదో వంతు దాటి మిగిలి, మరుసటి రోజు కూడా అలాగే ఉంటే ఈనిన ఆవుకు ఆరోజే మీటర్ పెట్టండి, పాలు తగ్గేదాకా ఆగకండి.